ఉద్యోగార్థుల మౌఖికపరీక్ష - పెద్దల కర్తవ్యము

చదువు ముగించి ఉద్యోగమును గోరు మన బిడ్డలు నేడు దాటవలసిన ద్వారములు రెండు. మొదటిది వ్రాతపరీక్ష. రెండవది పెద్దల యెదుట కూర్చుండి, వారడిగినదానికి నోటితో బదులు చెప్పుట. దీనినే ఇంటర్వ్యూ అనుచున్నారు. మౌఖికపరీక్ష యనియు చెప్పుదుము. మొదటి దానికై మనము అప్పులు చేసియైనను పిల్లలను గుంటూరునకో, విజయవాడకో, హైదరాబాదునకో పంపి శిక్షణ మిప్పించుచున్నాము. రెండవ దానికై మనము చేయుచున్న దేమి? పిలుపు వచ్చిన పిమ్మట ఒక కొత్త చొక్కా కుట్టించి, దేవునికి కొబ్బరికాయ కొట్టి, రైలెక్కించుచున్నాము. అంతటితో మన బాధ్యత తీరినదని తలచుచున్నాము. వ్రాతలో నెగ్గిన పిల్లవాడు మాటలో ఓడి తిరిగి వచ్చినపుడు వాని తలవ్రాత యని సరిపెట్టుకొనుచున్నాము. అది తలవ్రాత కాదు; చాలవరకు మన పెంపకము. మౌఖికపరీక్షకు శిక్షణము పట్టణములలో కాదు, మన యిండ్ల అరుగులమీద ప్రారంభము కావలయును. ఈ మాటను గ్రామపెద్దలైన మీకు విన్నవించుటకే ఈ ప్రసంగము.

మాటనుబట్టి మనుష్యుని యోగ్యతను గ్రహించుట మన దేశమునకు కొత్త కాదు. రామాయణమున కిష్కింధాకాండ ప్రారంభమున హనుమంతుడు భిక్షువేషముతో రామలక్ష్మణులను సమీపించి మాటాడును. ఆ మాటలు విని శ్రీరాముడు లక్ష్మణునితో, ఇతడు వేదములను, వ్యాకరణమును చక్కగా అభ్యసించినవాడనియు, ఇంతసేపు మాటాడినను ఒక్క అపశబ్దమైనను దొర్లలేదనియు, ముఖమునగాని, కన్నులయందుగాని, కనుబొమలయందుగాని యే వికారమును కానరాలేదనియు, మాట సాగదీయక, తొందరపడక, నడిమి స్వరమున నడచినదనియు మెచ్చుకొనును. నేటి పరీక్షాధికారులు గమనించు లక్షణము లన్నియు ఇందు కలవు. విద్య, భాష, ముఖభావము, మాట వేగము, కంఠస్వరము - వేటిని వదలినాడు శ్రీరాముడు? మరియొక విశేషము. హనుమంతుడు తన్ను గూర్చి చెప్పుకొన్నది స్వల్పము. తానెవరో, ఎవరి పనిమీద వచ్చెనో స్పష్టముగా చెప్పెను. అంతకు మించి ఆత్మస్తుతికి పోలేదు.

అయితే మాట యొక్కటే చాలునా? చాలదని కౌటిల్యుడు చెప్పినాడు. అర్థశాస్త్రమున అమాత్యుల గుణములను పరీక్షించు విధమును చెప్పుచు, ఒక్కొక్క గుణమునకు ఒక్కొక్క కొలతను నిర్ణయించినాడు. పుట్టుపూర్వోత్తరములను నమ్మదగిన ఆప్తులవలన తెలిసికొనవలయును. శాస్త్రజ్ఞానమును, శిల్పనైపుణ్యమును అదే విద్య నేర్చినవారిచేత పరీక్షింపజేయవలయును. ప్రజ్ఞను, దక్షతను పని ఆరంభించునపుడు చూడవలయును. వాక్పటుత్వమును, సమయస్ఫూర్తిని సంభాషణమున గుర్తింపవలయును. శీలమును, బలమును, ఆరోగ్యమును, నిలుకడను అతనితో కలసి వసించువారివలన గ్రహింపవలయును. ఇది రెండువేల యేండ్లకు పూర్వపు మాట యని ఆశ్చర్యపడకుడు. నేడు మన పిల్లలు పాల్గొనుచున్న ఇంటర్వ్యూల రకములన్నియు ఇంచుమించుగా ఈ విభాగమునందే యిమిడియున్నవి. కనుక వానిని ఈ క్రమముననే పరిశీలింతము.

మొదట సంభాషణము. ఒక అధ్యక్షుడును, కొందరు సభ్యులును బల్ల కావలివైపున కూర్చుండి అభ్యర్థితో మాటాడుదురు. ప్రభుత్వోద్యోగములలో ప్రసిద్ధమైనది ఈ పద్ధతియే. మన ప్రాంతము మద్రాసు రాజధానిలో నున్న కాలమున, 1929 నాటి చట్టము ననుసరించి మద్రాసు సర్వీసు కమిషను ఏర్పడినది. ఢిల్లీలో కేంద్రపు పబ్లిక్ సర్వీసు కమిషను 1926లోనే నెలకొన్నది. 1953లో ఆంధ్రరాష్ట్ర మవతరించినపుడు మనకు వేరుగా కమిషను కలిగినది. 1956లో అది ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీసు కమిషనుగా మారినది. నేడు కలెక్టరు మొదలగు ఉన్నతోద్యోగములకు జరుగు సివిల్ సర్వీసు పరీక్షలో తుది లెక్కకు వచ్చు మార్కులు 2025. అందు వ్రాతకు 1750, మౌఖికమునకు 275. బ్యాంకులలో ప్రొబేషనరీ అధికారుల ఎంపికకు వ్రాత, మౌఖికములను 80కి 20 పాళ్లలో కలుపుచున్నారు. గుమాస్తాల ఎంపికకు మౌఖికము లేదు.

ఈ సంభాషణమును మనవారు పోలీసు విచారణవలె తలచి భయపడుదురు. ఇది అడ్డుప్రశ్నలతో చిక్కుపరచు విచారణ కాదనియు, సహజముగా సాగుచు ఒక ఉద్దేశమును కలిగిన మాటామంతి యనియు కేంద్ర కమిషనువారే తమ ప్రకటనలో చెప్పుచున్నారు. వారు చూడగోరునది మనస్సు చురుకుదనము, విషయమును క్రమముగా విప్పి చెప్పుట, తూకము తప్పని నిర్ణయము, నిజాయితీ. జ్ఞాపకశక్తిని వ్రాతపరీక్ష యిదివరకే కొలిచినది. కావున పుస్తకములు వల్లించి పోవువానికి ఇక్కడ లాభము స్వల్పము.

ప్రశ్నలు ఎక్కడనుండి వచ్చును? ముందుగా అభ్యర్థి తన చేతితో నింపి పంపిన దరఖాస్తునుండి. పుట్టిన ఊరు, తండ్రి వృత్తి, చదివిన శాస్త్రము, తీరికవేళల అభిరుచి - ఇందులో ప్రతిమాటయు ఒక ప్రశ్నకు విత్తనము. తోటపని అభిరుచి యని వ్రాసినవాడు మొక్కకు అంటుకట్టు విధమును చెప్పలేకపోయినచో, మిగిలిన మాటలమీదను నమ్మకము పోవును. లేని అభిరుచిని వ్రాయరాదు.

ఉదాహరణకు మన వేటపాలెము పిల్లవానిని “మీ ఊరి విశేషమేమి?” యని అడిగిరనుకొనుడు. “మాది చిన్న ఊరండి, విశేషములేమియు లేవు” అని వాడు తలవంచుకొనినచో అంతటితో సంభాషణ ఎండిపోవును. నిజమునకు వాడు చెప్పదగినది ఎంత కలదు! 1918లో వి.వి. శ్రేష్ఠిగారి పూనికతో వెలసిన సారస్వత నికేతనము కలదు. 1929లో గాంధీమహాత్ముడు వచ్చి దాని భవనమునకు శంకుస్థాపన చేసినాడు. సమీపముననే చీరాల, పేరాల ప్రజలు 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున పురపాలకపు పన్నులకు లొంగక, ఇండ్లు విడిచి ఊరివెలుపల రామనగరు కట్టుకొని కాపురముండిరి. వీధివీధిని మగ్గముల చప్పుడు కలదు; ఊరి జీడిపప్పునకు దూరప్రాంతములందును పేరు కలదు. ఈ ఊరు 1970 వరకు గుంటూరు జిల్లాలోను, తరువాత ప్రకాశం జిల్లాలోను ఉండి, 2022లో బాపట్ల జిల్లాలో చేరినది. ఇంత చెప్పగలిగినవానిని చూచి ఏ సభ్యుడు సంతోషింపడు?

అయినను ఇది కంఠస్థము చేసి అప్పగించు పాఠము కాదు. వెనువెంటనే మరియొక ప్రశ్న వచ్చును: “చేనేత యేల క్షీణించుచున్నది?” అప్పుడు గుంటమగ్గము ప్రక్కన పెరిగిన పిల్లవాడు నూలు ధర, మరమగ్గముల పోటీ, నేతగానికి దక్కు కూలి - వీనిని గూర్చి తెలివిగా మాటాడవలయును. కొన్ని రకముల వస్త్రములను చేతిమగ్గములకే ప్రత్యేకించిన 1985 నాటి చట్టమును గూర్చి విని యుండవలయును. అట్లే మిరప రైతుబిడ్డకు 2021-22 పంటకాలమున నల్ల తామరపురుగు మన తోటలను పాడుచేసిన తీరు తెలిసియుండవలయును. పత్తి రైతుబిడ్డకు 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి గులాబిరంగు పురుగును తరువాతి కాలమున ఏల ఆపలేకపోయినదో తెలిసియుండవలయును. ఈ జ్ఞానము మీ నోటనే కలదు. పిల్లలకు చెప్పుచున్నామా?

ఇంగ్లీషు రాదను భయము మరియొకటి. సివిల్ సర్వీసు వ్రాతపరీక్షను తెలుగున వ్రాసినవారు మౌఖికమును గూడ తెలుగున ఇయ్యవచ్చును. దుబాసీ నేర్పాటు చేయుదురు. శ్రీకాకుళము జిల్లాలోని ఒక పల్లెకు చెందిన రోణంకి గోపాలకృష్ణగారు ఉపాధ్యాయుడుగా పనిచేయుచు, తెలుగులోనే పరీక్ష యిచ్చి, 2017లో వెలువడిన ఫలితములలో దేశమంతటికి 3వ స్థానమును పొందిరి. భాష ఏదైనను భావము తేటగా నుండవలయునని దీనివలన స్పష్టము. అయితే కంపెనీలలోను, ఇతర రాష్ట్రముల ఉద్యోగములలోను ఇంగ్లీషు అవసరమగును గనుక దాని నలక్ష్యము చేయుమని నేను చెప్పుట లేదు. తెలుగులో నాలుగు వాక్యములు వరుసగా పలుకలేనివాడు ఇంగ్లీషులో పలుకలేడని మాత్రము చెప్పుచున్నాను.

ఈ సంభాషణలోనే మరియొక శాఖ కలదు. పది పన్నెండుగురు అభ్యర్థులను వలయముగా కూర్చుండబెట్టి, ఒక విషయమిచ్చి, తమలో తాము చర్చించుకొనుమందురు. దీనిని గ్రూపు డిస్కషను అనుచున్నారు. పరీక్షకులు ప్రక్కన మౌనముగా కూర్చుండి చూతురు. ఇక్కడ బిగ్గరగా అరచువాడును గెలువడు, నోరు మెదపనివాడును గెలువడు. ఇతరుల మాట పూర్తిగా విని, దానికి తన మాటను జోడించి, తప్పిన చర్చను దారికి తెచ్చువాడు గెలుచును. మన రచ్చబండవద్ద తీర్పు చెప్పు మంచి పెద్దమనిషి లక్షణమే యిది.

రెండవది సమానవిద్య గలవారు చేయు పరీక్ష. ఇంజనీరును ఇంజనీరులు, వైద్యుని వైద్యులు ప్రశ్నింతురు. కంపెనీలలో మొదట ఈ శాస్త్రపరీక్ష జరిపి, పిమ్మట నడవడి, జీతము, పనిచేయు స్థలము మొదలగువానిని గూర్చి వేరొకరు మాటాడుదురు. ఇందు చాలమంది జారిపడు చోటు ఒకటి కలదు. కళాశాల చివరి సంవత్సరమున ప్రతి విద్యార్థియు ఒక ప్రాజెక్టు చేయవలసియుండును. కొందరు దానిని సొమ్మిచ్చి చేయించుకొందురు. పరీక్షకుడు మొదట అడుగునది ఆ ప్రాజెక్టును గూర్చియే! “ఈ పద్ధతి నేల యెన్నుకొంటివి? ఎక్కడ చిక్కు వచ్చినది? ఎట్లు తీర్చితివి?” అని మూడు ప్రశ్నలు వేసిన చాలును, కొన్న పనికిని, చేసిన పనికిని భేదము తేలిపోవును. కావున ఆ ప్రాజెక్టునకు సొమ్మడుగు కుమారునితో, “నీవే చేయుము, చిన్నదైనను సరే” యని చెప్పుట తండ్రి ధర్మము.

ఇటీవలి కాలమున ఈ పరీక్ష ఫోనులోను, కంప్యూటరు తెరమీదను జరుగుచున్నది. ఇంటనే యుండి పరీక్ష యిచ్చునపుడు ఇంటివారి సహకారము ముఖ్యము. ఆ గంటసేపు టీవీ మ్రోగరాదు. చుట్టములు లోనికి రారాదు. వెలుతురు ముఖముమీద పడునట్లు కూర్చుండవలయును. కరెంటు పోయినచో ఏమి చేయవలయునో ముందే యోచింపవలయును. ప్రక్కగదిలో ఎవరో యుండి సమాధానములందించుట మోసము. చూపు ప్రక్కకు పోగానే పరీక్షకులు దానిని గుర్తింతురు.

మూడవది పని ఆరంభింపజేసి చూచుట. పాఠశాలలలోను, కళాశాలలలోను ఉపాధ్యాయుని నియమించునపుడు ఒక పాఠమును చెప్పి చూపుమందురు. నర్సును కట్టు కట్టుమందురు. డ్రైవరును బండి నడపుమందురు. వెల్డరును, ఎలక్ట్రీషియనును పనిముట్లు చేతికిచ్చి చూతురు. గల్ఫుదేశములకు పోవు పనివారికి జరుగు పరీక్షయు చాలవరకు ఇట్టిదే. దీనికి మార్గము ఒక్కటే - చేతికి అలవాటు. నేను బడిలో పనిచేసిన కాలమున మాదిరిపాఠములు పెక్కు చూచితిని. నల్లబల్లకు ముఖము త్రిప్పి తనకు తెలిసినదంతయు కుమ్మరించినవారికంటె, వెనుకవరుస పిల్లవానిని ఒక ప్రశ్న యడిగి, వాని సమాధానమునుండి పాఠమును నడపినవారే మెప్పు పొందిరి.

నాలుగవది కలసి వసింపజేసి గ్రహించుట. సైన్యమున అధికారిపదవిని గోరువారిని సర్వీసెస్ సెలక్షను బోర్డువారు అయిదు దినములు తమయొద్ద నుంచుకొని పరీక్షింతురు. బెంగుళూరు, భోపాలు మొదలగు నగరములందు ఈ బోర్డులు కలవు. మొదటి దినమున వడపోత జరుగును. నిలువనివారిని ఆ దినముననే పంపివేయుదురు. రెండవ దినమున మనస్తత్త్వపరీక్షలు. బొమ్మలు చూపి కథలు వ్రాయుమందురు. 60 మాటలను ఒక్కొక్కదానిని 15 సెకనులు చూపి, తోచిన వాక్యమును వ్రాయుమందురు. 60 చిక్కు సందర్భములిచ్చి, వానిలో నీవేమి చేయుదువని అరగంటలో వ్రాయింతురు. తరువాతి దినములలో జట్టుగా గోడలు దాటుట, బరువులు మోయుట, ఉపాయముతో వాగులవంటి అడ్డంకులను గడచుట మొదలగు పనులు, ప్రత్యేక సంభాషణము జరుగును. చివరి దినమున పరీక్షకులందరు కలసి నిర్ణయింతురు. మనస్సును, మాటను, చేతను ముగ్గురు వేరువేరుగా చూచి సరిపోల్చు పద్ధతి గనుక నటన ఇచట నిలువదు. రాత్రికి రాత్రి నేర్చుకొన్న ధైర్యము రెండవనాటికే జారిపోవును. బాల్యమునుండి ఆటలాడినవాడు, తోటివారితో పనిచేసినవాడు, ఇంటి బాధ్యత కొంత మోసినవాడు ఇక్కడ రాణించును. “చదువు చెడునని” ఆటకు పంపని తండ్రులు ఈ సంగతి యోచింతురు గాక.

ఇక మిగిలినది ఆప్తుల వాక్యము. నియమించిన పిమ్మట పోలీసుల ద్వారా నడవడిని విచారించుట, పూర్వము పనిచేసినచోట అడిగి తెలిసికొనుట నేటికిని కలదు. కాని మన గ్రామములలో ఆప్తవాక్యమనగా సిఫారసు అను అర్థము పాతుకొనిపోయినది. పిల్లవానికి పిలుపు రాగానే, సభ్యులలో మనవారెవరు, ఏ నాయకునిచేత ఫోను చేయింపవలయును అని పెద్దలు బయలుదేరుదురు. సిఫారసు చేయించుట అభ్యర్థిని అనర్హునిగా జేయునని కమిషనుల నిబంధనలలోనే వ్రాసియున్నది. మేలు చేయబోయి కీడు చేయుట యిదియే.

అంతకంటె ఘోరమైనది సొమ్ము. “ఇంటర్వ్యూ పేరుకే, లోపల నా మనిషి ఉన్నాడు, ఇన్ని లక్షలిండు” అను దళారి ప్రతిజిల్లాలోను కనబడుచున్నాడు. వాని యుక్తి మిక్కిలి సులభము. పదిమందివద్ద సొమ్ము పుచ్చుకొనును. అందు ఇద్దరు తమ తెలివిచేతనే నెగ్గుదురు. వారి సొమ్ము వానికి దక్కును. మిగిలిన యెనమండుగురికి రేపు మాపని చెప్పుచు తిరుగును. ఎకరము పొలమమ్మి వానిచేతిలో పోసిన తండ్రి ఎవరితో మొరపెట్టుకొనగలడు? తానును లంచమిచ్చినవాడే గదా! నిజమైన కంపెనీ ఏదియు ఇంటర్వ్యూకు, నియామకపత్రమునకు సొమ్మడుగదు. విదేశోద్యోగమునకైనచో 1983 నాటి వలసల చట్టము ననుసరించి ప్రభుత్వమువద్ద నమోదైన ఏజెంటు మాత్రమే పని చూపవలయును. వాడు పుచ్చుకొనదగిన రుసుము 30,000 రూపాయలకు, దానిపై పన్నునకు మించరాదు. నమోదు సంఖ్య నడిగి చూచిన పిమ్మటనే మాటాడుడు.

మౌఖికపరీక్షలో పక్షపాతము లేనేలేదా యని మీరడుగవచ్చును. ఆ భయము న్యాయస్థానములకును కలిగినది. శ్రీనగరులోని ఇంజనీరింగు కళాశాల ప్రవేశములలో నూటికి 33 వంతుల మార్కులు మౌఖికమునకు కేటాయించి, రెండుమూడు నిమిషములలో ముగించి, తలిదండ్రులను గూర్చియు నివాసమును గూర్చియు మాత్రమే అడిగిరను వ్యాజ్యము సుప్రీంకోర్టుకు వచ్చినది. 1980లో ఆ న్యాయస్థానము, అట్టి ప్రవేశములలో మౌఖికమునకు నూటికి 15 వంతులు మించరాదని తీర్పు చెప్పినది. 1985లో హర్యానా ఉద్యోగముల వ్యాజ్యమున 22, 33 వంతులు మితిమీరినవని చెప్పి, ఆనాటి కేంద్ర కమిషను పాటించుచున్న 12.2 వంతులను మేలుబంతిగా చూపినది. 2016 జనవరి 1వ తేదీనుండి కేంద్రప్రభుత్వపు క్రిందితరగతి ఉద్యోగములకు మౌఖికపరీక్షనే తీసివేసిరి. తెలంగాణమున 2022లో గ్రూపు-1, గ్రూపు-2 ఉద్యోగములకు తీసివేసిరి. మన రాష్ట్రమున గ్రూపు-2 ఉద్యోగములకును, డి.ఎస్.సి. ద్వారా జరుగు ఉపాధ్యాయ నియామకములకును మౌఖికము లేదు. కావున దళారి “ఇంటర్వ్యూలో చూచుకొందును” అన్నపుడు, ఆ ఉద్యోగమునకు అసలు ఇంటర్వ్యూ కలదా యని ప్రకటనలో చదివి తెలిసికొనుడు. ఆ ఒక్క ప్రశ్నతోనే కొందరి ఆస్తులు నిలుచును.

ఇక పెద్దల కర్తవ్యమునకు వత్తము. మన యిండ్లలో జరుగుచున్న దేమి? నలుగురు పెద్దలు మాటాడుచుండగా పిల్లవాడు నోరు తెరచినచో, “పెద్దల మధ్య నీకేమిరా పని, లోపలికి పో” అందుము. ఆడపిల్ల అయినచో ఆ మాటయు అక్కరలేదు, చూపు చాలును. ఇట్లు ఇరువది యేండ్లు నోరు మూయించి, ఇరువది యొకటవ యేట అపరిచితులైన అయిదుగురు పెద్దల యెదుట నిలబెట్టి, ధైర్యముగా మాటాడుమందుము. ఈతరాని వానిని గట్టున నుంచి, వరద వచ్చిననాడు ఏటిలోనికి త్రోయుట వంటిది గదా యిది! పెద్దలయెడ వినయము మన సొత్తు, దానిని విడువరాదు. కాని వినయమునకును, మూగతనమునకును భేదము కలదు. హనుమంతుడు వినయవంతుడే, ఐనను మాటాడినాడు.

ఆడపిల్లల విషయమున మరియొక మాట. నేడు మన గ్రామములలో మగపిల్లలకు దీటుగా, కొన్నిచోట్ల వారిని మించి, ఆడపిల్లలు చదువుచున్నారు. కాని పిలుపు దూరపు పట్టణమునకు వచ్చినచో “ఎందుకులే” యని ఆపివేయు తండ్రు లింకను కలరు. వ్రాతలో నెగ్గిన బిడ్డను రైలుఖర్చునకో, లోకుల మాటకో వెనుకకు లాగుట ఆమె కష్టమును ఏటిలో కలుపుట. ఒకరు తోడు పొండు. గది వాకిటివరకు పోయి నిలువుడు. లోపల ఆమెయే మాటాడును.

ఇంటిలో చేయదగినవి కష్టమైన పనులు కావు. రోజునకు ఒక పావుగంట కేటాయింపుడు. పిల్లవాడు ఆనాటి పత్రికలో ఒక వార్త చదివి, దానిని తాతకు తేటతెలుగున చెప్పవలయును. తాత రెండు ప్రశ్నలు వేయవలయును: “ఇది యేల జరిగినది? నీ అభిప్రాయమేమి?” అని. మధ్యలో అడ్డుపడరాదు, ఎగతాళి చేయరాదు. పిల్లవాని యభిప్రాయము మనకు నచ్చకపోయినను చివరవరకు వినవలయును; అటుపిమ్మట మన కారణమును చెప్పవలయును. ఎదుటివాని కారణమును విని, కోపింపక, తన మాటను నిలుపుకొనుటయో, తప్పని తోచినపుడు మార్చుకొనుటయో ఇట్లే అలవడును. తెలియని ప్రశ్నకు “తెలియదు, తెలిసికొందును” అని చెప్పిననాడు వానిని మెచ్చుకొనుడు. ఇంటిలో “తెలియదు” అన్నందుకు తిట్లు తిన్న పిల్లవాడు అక్కడ కల్పించి చెప్పును. కల్పన రెండవ ప్రశ్నకే కూలిపోవును.

ఊరిలో గ్రంథాలయముండిన పిల్లలను అటు పంపుడు. మన సారస్వత నికేతనమున పాత పత్రికల సంపుటములు భద్రముగా నున్నవి. దూరప్రాంతముల పరిశోధకులు వానికై వచ్చి పోవుచుండగా, ప్రక్కవీధి పిల్లలు గడప త్రొక్కకుండుట మనకు గౌరవము కాదు. నెలకొకనాడు విశ్రాంత ఉద్యోగులు, రైతులు, నేతపనివారు, బ్యాంకు ఉద్యోగులు ఒక అయిదుగురు గ్రంథాలయమున కూర్చుండి, ఉద్యోగార్థులను ఒక్కొక్కరిని పిలిచి అరగంట ప్రశ్నింపవచ్చును. దీనికి కాసు ఖర్చు లేదు. పది పర్యాయములు మన యెదుట తడబడినవాడు పదునొకండవ పర్యాయము అధికారుల యెదుట తడబడడు.

ప్రయాణమునకు ముందు చూచుకొనవలసినవి కొన్ని కలవు. అసలు ధ్రువపత్రములను క్రమముగా అమర్చుకొనవలయును. ఒకనాడు ముందుగానే ఆ పట్టణము చేరవలయును. వస్త్రములు ఉతికినవి, ఇస్త్రీ చేసినవి అయిన చాలును, కొత్తవి కానక్కరలేదు. లోనికి పోవునపుడు అనుమతి పొంది, నమస్కరించి, చూపిన ఆసనమున కూర్చుండవలయును. ప్రశ్న పూర్తిగా విని, క్షణమాలోచించి, ప్రశ్నించినవారివైపు చూచి బదులు చెప్పవలయును. తక్కువ మార్కులను గూర్చియో, చదువు మధ్య ఖాళీపోయిన సంవత్సరమును గూర్చియో అడిగినపుడు నిజమును క్లుప్తముగా చెప్పి, ఆ కాలమున నేర్చుకొన్నదానిని చెప్పవలయును. పూర్వము పనిచేసిన చోటును నిందింపరాదు.

ఇంత చేసినను ఉద్యోగములు కొన్ని, అభ్యర్థులు వేలు. కొందరికి రాదు. తిరిగి వచ్చిననాడు వీధిలో నిలబెట్టి “ఏమైనది?” యని అడుగకుడు. భోజనము పెట్టి, ఒకటి రెండు దినములు గడచిన పిమ్మట, అక్కడ ఏమేమి అడిగిరో, తానేమి చెప్పెనో సావకాశముగా చెప్పించుకొనుడు. దానిని ఒక పుస్తకమున వ్రాసిపెట్టుకొనుమనుడు. మరుసటి పరీక్షకు అంతకంటె మంచి పాఠ్యగ్రంథము లేదు. తన మాట వినువారు ఇంటిలో కలరను ధైర్యము ఆ బిడ్డకు ఉద్యోగము వచ్చినను అక్కరకు వచ్చును, రాకున్నను అక్కరకు వచ్చును.

శ్రోతలారా! నేటి రాత్రి భోజనమైన పిమ్మట మీ యింటి పిల్లను గాని పిల్లవానిని గాని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒక ప్రశ్న అడుగుడు. అడిగి, మీరు మౌనముగా వినుడు.